ఉలవచారులో ఏం తక్కువైంది

ఆ ఆదివారం పొద్దున కృష్ణవేణి పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. రేష్మ వచ్చి సర్టిఫికెట్ ఇచ్చి వెళ్తుంది, దాన్ని ఫ్రేములో పెట్టాలి, హాలు గోడకి తగిలించాలి, ఆ తరువాత తీరిగ్గా కాఫీ తాగాలి. ఫ్రేము వారం ముందే కొన్నది. అమెరికాలోని పార్సిప్పనీలో భార్యాభర్తలిద్దరూ ఉండే అపార్ట్‌మెంట్‌లో గోడకి మేకు కొట్టనివ్వరు కాబట్టి, అతికించే కొక్కెం తెప్పించి, పాత మూడు ఫ్రేముల పక్కన కొలత చూసి మరీ అంటించింది. పాతవి మూడూ తెలుగు సంఘం వంటల పోటీలో ఉలవచారుకి వచ్చిన మొదటి బహుమతులు. ఈసారి కూడా మొదటిదే వచ్చిందని ఆమెకి ఎవరూ చెప్పలేదు. చెప్పాలా ఏమిటి అనుకుంది.

పోటీ ముందురోజు పిస్కాటవేలో జరిగింది. ఫలితాలు చెప్పేదాకా ఆమె అక్కడ ఉండలేదు. భర్త మనోహర్‌కి పది రోజుల కిందటే కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, వేళకి చుక్కలు వెయ్యాలి. మందుల కంపెనీ ల్యాబ్‌లో ముప్పై ఏళ్లు చేసి రిటైరైన మనిషి, తన కంట్లో తాను చుక్కలు వేసుకోలేడు. డాక్టరు డ్రైవ్ చెయ్యొద్దన్నాడు. కృష్ణవేణి అమెరికా వచ్చిన నాటి నుంచి స్టీరింగ్ ముట్టుకోలేదు. మామూలుగా అయితే కింది ఫ్లాట్‌లోని ఉమ ఆమెని ఎక్కడికి కావాలంటే అక్కడికి కార్‌లో తీసుకెళ్తుంది. ఉమ నెల్లూరులో పుట్టి పెరిగిన తమిళావిడ. కాంప్లెక్స్‌లో చిన్నా పెద్దా అందరికీ ఉమా మామి. మూడేళ్లుగా పోటీ బల్ల దగ్గర కృష్ణవేణి పక్కన నిలబడి వడ్డించేది కూడా ఆవిడే. ఈసారి మాత్రం గొంతు పూర్తిగా పట్టేసి, నోట మాట పెగలక ఇంట్లోనే ఉండిపోయింది. కృష్ణవేణి క్యాబ్‌లో ఒక్కతే వెళ్లి వచ్చింది.

తలుపు తెరవగానే రేష్మ ఒక గుడ్డసంచి చేతిలో పెట్టింది. ఆమె సంఘం కార్యదర్శి. ఎక్కడ నిలబడితే అక్కడ అరగంట మాట్లాడే మనిషి.

"ఆంటీ, మీ గిన్నె, కవరు. పిల్లలు కార్‌లో ఉన్నారు, వెళ్తా" అంటూనే లిఫ్ట్ వైపు పరుగెత్తింది.

ఆ పరుగులోనే కృష్ణవేణికి ఏదో తేడా కనిపించింది. సంచి తెరిచి చూస్తే గిన్నె మూత ఊడిపోయి, అడుగున మిగిలిన చారు కారి, కవరు సగం తడిసి ఉంది. చించి సర్టిఫికెట్ బయటికి లాగింది.

"మూడా!" అని అరిచింది.

మనోహర్ నల్లద్దాలు పెట్టుకుని సోఫాలో జారబడి ఉన్నాడు. "అప్పుడే మూడయిందా? చుక్కలు వెయ్యాలిగా" అన్నాడు.

"టైమ్ కాదండీ! మూడో బహుమతి! నా ఉలవచారుకి!"

"పోనీలే, మూడోది కూడా బహుమతేగా" అన్నాడు మనోహర్. ఆ వారంలో ఆయన అన్న తప్పు మాటల్లో అది మొదటిది.

సర్టిఫికెట్‌కి జడ్జి ఇచ్చిన మార్కుల కార్డు పిన్ను చేసి ఉంది. మార్కులు వేసిన చోటంతా చారు పీల్చుకుని గోధుమరంగు మరకైంది. అడుగున ఇంగ్లీషులో చేత్తో రాసిన ఒక్క మాట మాత్రం మిగిలింది. దానిమీద కూడా ఒక చుక్క పడింది. మొదట 'ఉమా' అని కనిపిస్తోంది, తరువాత మరక, మరక అంచున 'మి', ఆ పక్కన 'మిస్సింగ్'. కృష్ణవేణి మూడుసార్లు చదివింది. మూడుసార్లూ ఒకటే వచ్చింది. ఉమా మామి మిస్సింగ్.

"చూశారా! మామి లేదట, అందుకని రుచి లేదట! అంటే ఇన్నేళ్లూ వండింది ఆవిడా? నేను పొయ్యి పక్కన నిలబడి భజన చేశానా?"

"జడ్జి ఎవరు?"

"దియ అట. వంటల వీడియోలు చేస్తుందట. ఇరవై రెండేళ్లు కూడా ఉండవు. ఉలవలు గుర్రాలు తింటాయి కదా ఆంటీ అని నన్నే అడిగింది! ఉలవలు ఏరింది నేను, నానబెట్టింది నేను. నాలుగు గంటలు మరగబెట్టి, స్మోక్ అలారం మోగితే తువ్వాలు పట్టుకుని విసిరింది నేను. మామి చేసిందల్లా కరివేపాకు దూసివ్వడం!"

"ఉప్పు కూడా చూసేది" అన్నాడు మనోహర్.

కృష్ణవేణి భర్త వైపు ఒక చూపు చూసి ఫోన్ తీసింది. మామి ఫోన్ ఎత్తింది కానీ, గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు.

"మామీ, ఊళ్లో అందరికీ నువ్వే వండుతున్నావని చెప్పుకుంటున్నావా? మూడేళ్ల నుంచి నా పక్కన నిలబడి వడ్డిస్తుంటే ఫ్రెండువనుకున్నాను. పేరు కొట్టేద్దామని నిలబడ్డావా? మాట్లాడవేం? ఉంటేగా మాట్లాడ్డానికి!"

అవతల ఇంకొంచెం గాలి వచ్చింది. తప్పు చేసినవాళ్లే అలా మౌనంగా ఉంటారని తేల్చుకుని కృష్ణవేణి ఫోన్ పెట్టేసింది. రెండు నిమిషాల్లో మెసేజ్ వచ్చింది. ఇంగ్లీషులో, అన్నీ పెద్దక్షరాల్లో, ఎవరు చెప్పారు నీకు అని. మామి ఫోన్ రెండేళ్లుగా పెద్దక్షరాల్లోనే ఇరుక్కుపోయి ఉంది. పాలు అయిపోయాయి అన్న మాట కూడా అలాగే వచ్చేది. ఆ సంగతి కృష్ణవేణికి తెలుసు, ఆ పూట గుర్తురాలేదు.

"చూడండి! ఎవరు చెప్పారు అంటోంది! చెప్పలేదు అనడం లేదు! పైగా అరుస్తోంది!"

ఆ ఊపులోనే రేష్మకి ఫోన్ చేసింది. "ఆ పాత మూడు ఫస్ట్ ప్రైజులూ ఉమా మామి పేరు మీద రాసుకోండమ్మా. ఆవిడ చేతి మహిమట కదా. నాకేం అక్కర్లేదు."

ఇద్దరు పిల్లలు వెనక సీట్లో కొట్టుకుంటుంటే డ్రైవ్ చేస్తున్న రేష్మకి అందులోని వెటకారం అందలేదు. "అయ్యో ఆంటీ, ఎంత పెద్ద మనసు మీది!" అంది. ఇంటికి వెళ్లీ వెళ్లగానే సంఘం గ్రూపులో ప్రకటన పెట్టింది. గడిచిన మూడేళ్ల ఉలవచారు విజయాల వెనక ఉన్నది ఉమా మామి అనీ, ఆ విషయాన్ని కృష్ణవేణి ఆంటీ ఉదారంగా స్వయంగా తెలియజేశారనీ రాసింది. గ్రూపులో నాలుగొందల మంది ఉన్నారు. మధ్యాహ్నానికల్లా చప్పట్లు, పూలగుత్తులు, దణ్ణాలు వరసగా వచ్చి పడ్డాయి. శాంటా క్లారా మారిపోయిన పాత సభ్యుడొకాయన, అప్పట్లోనే తనకి అనుమానం వచ్చిందని రాశాడు. ఎవరో తమ గృహప్రవేశానికి అరవై మందికి చారు కావాలని మామిని నేరుగా అడిగారు.

కృష్ణవేణి ఆ మెసేజ్‌లన్నీ భర్తకి గట్టిగా చదివి వినిపించింది. ఆయన మధ్యలో నిద్రపోతే లేపి మళ్లీ మొదట్నుంచి చదివింది.

కింది ఫ్లాట్‌లో మామికి కోపం వేరే దారిలో వచ్చింది. తను అడగని గొప్ప తన నెత్తిన రుద్ది, నలుగురిలో తనని దొంగగా నిలబెట్టిందని ఆవిడకి అర్థమైంది. తిరిగి నాలుగు మాటలు అనడానికి గొంతు లేదు. సోమవారం పొద్దున కృష్ణవేణి తలుపు తీసేసరికి గుమ్మంలో ఏడు స్టీలు డబ్బాలు కడిగి, తుడిచి, ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. పైన కాగితం. నీ డబ్బాలు తీసుకో, నా మూతలు రెండు నీ దగ్గరున్నాయి పంపు, రేపు కంటి డాక్టర్ దగ్గరికి నేను రాను.

"రెండు మూతలు! ఇన్నేళ్ల స్నేహంలో ఆవిడకి గుర్తున్నది రెండు మూతలు!"

కృష్ణవేణి మూతలు వెతికి తీసింది. అక్కడితో కోపం చల్లారలేదు. మామి ఇచ్చిన కరివేపాకు మొక్క కిటికీ దగ్గర కుండీలో ఉంది. నాలుగు చలికాలాలు హీటర్ పక్కన పెట్టి, పసిబిడ్డలా సాకిన మొక్క. దాన్ని మోసుకెళ్లి, మూతలు మట్టిమీద బోర్లించి, లిఫ్ట్‌లో పెట్టి, మామి ఉండే అంతస్తు బటన్ నొక్కి వచ్చేసింది. మామి మూతలు మాత్రం తీసుకుని మొక్కని తిరిగి పైకి పంపింది. కృష్ణవేణి కిందికి పంపింది. ఆ రోజంతా ఆ మొక్క ఒక్కటే లిఫ్ట్‌లో తిరిగింది. సాయంత్రానికి అది కృష్ణవేణి గుమ్మానికి చేరేసరికి, ఏ అంతస్తు వాళ్లు కోసుకున్నారో, కొమ్మలకి నాలుగాకులు మిగిలాయి.

మంగళవారం క్యాబ్‌లో కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లారు. నర్సు వచ్చి మనోహర్ కళ్లలో చుక్కలు వేసి, కంటిపాపలు పెద్దవయ్యేదాకా కూర్చోమంది. వెయిటింగ్ రూమ్‌లో కృష్ణవేణి హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఆ కార్డు తీసింది. కోపం కాస్త తగ్గినట్టనిపించినప్పుడల్లా దాన్ని తీసి చదువుకోవడం రెండు రోజులుగా అలవాటైంది.

"ఒకసారి ఇటివ్వు" అన్నాడు మనోహర్. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు, చెయ్యి చాపి దూరంగా పెట్టి చూశాడు. హఠాత్తుగా నిటారుగా కూర్చున్నాడు. "కృష్ణా! ఇది ఉమా మామి కాదు. ఉమామి!"

"నేనన్నదీ అదేగా."

"కాదు కాదు. ఉమామి. ఒకే మాట. జపాన్ వాళ్ల వంట మాట. సముద్రపు నాచు మరిగించిన నీళ్లలోంచి ఒక జపాన్ కెమిస్టు బయటికి తీశాడు ఆ రుచిని. ఆ రుచినిచ్చే పదార్థం గ్లుటమేట్! ఇప్పుడు అన్ని దేశాల వాళ్లూ ఆ మాటే వాడుతున్నారు. తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఇది ఐదోది."

"ఐదోదా? మనకి ఉగాది పచ్చడిలోనే ఆరున్నాయి. ఇంతమంది కలిసి ఇప్పుడు ఐదోది కనిపెట్టారా?"

"అది వేరే లెక్క. నాలుక మీద నిండుగా నిలబడే రుచి అన్నమాట. చారులో అది తగ్గిందని రాసింది ఆ పిల్ల. మామికీ దీనికీ ఏ సంబంధమూ లేదు."

"మరి ఈ చుక్క కింద ఏముంది?"

"ఏమీ లేదు. ఊరికే పడింది. ముప్పై ఏళ్లు ల్యాబ్‌లో చేశాను, మరక చూస్తే నాకు తెలీదా?"

ఫోన్‌లో తను అన్న మాటలు కృష్ణవేణికి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఇంటికి రాగానే చెప్పులైనా విడవకుండా మామి తలుపు కొట్టింది. ఎప్పుడూ వాదన గెలిచే అలవాటున్న మనిషికి క్షమించమని అడగడం ఎలాగో సరిగ్గా తెలియదు. గుమ్మంలోనే నిలబడి, చూపు కార్పెట్ మీద పెట్టి, ఉమామి గురించి మనోహర్ చెప్పిందంతా ఒప్పజెప్పింది. చివర్లో కళ్లు తుడుచుకుంది.

మామికి గొంతు అప్పుడప్పుడే కొంచెం తిరిగి వస్తోంది. "అయితే రెండు దినాలు నన్ను తిట్టింది జపానోళ్ల వల్లనా?" అంది గరగరమంటూ.

"ఆ పిల్ల వల్ల. మొత్తం ఆ జడ్జి పిల్ల వల్ల."

"నువ్వన్న మాటలు మర్చిపోడానికి నాకు టైమ్ పడుతుంది కృష్ణవేణీ. అయినా ఆ రుచి ఏందో చేసి పెట్టు. చూద్దాం."

దాంతో కృష్ణవేణి కోపమంతా ఒక దిక్కుకి తిరిగింది. శనివారం మామినీ, ఆ దియనీ ఇద్దరినీ భోజనానికి పిలిచింది. "ఉమామి లేదంటుందా? ముక్కులోంచి కారేదాకా పెడతాను ఉమామి!" అని ఇల్లంతా తిరుగుతూ అంది.

ఉమామి సరఫరా బాధ్యత మనోహర్ తీసుకున్నాడు. చాలాకాలానికి ఇంట్లో తన చదువు పనికొచ్చిందని ఆయనకి హుషారుగా ఉంది. జపాన్ సరుకుల కొట్టుకి క్యాబ్‌లో వెళ్లి, చారుకి బాగా ఉమామి ఇచ్చేది ఏదో ఇమ్మని అడిగితే, అక్కడి అమ్మాయి దాషి అని ఒక పొడి ప్యాకెట్ చేతిలో పెట్టింది. ముందంతా జపాన్ అక్షరాలు, నీలిరంగు కెరటాల బొమ్మ. వెనక ఇంగ్లీషులో చీమతలకాయలంత అక్షరాల చీటీ ఉంది కానీ ఆ కళ్లతో దాన్ని చదవడం అయ్యే పని కాదు.

"ఇందులో ఏమీ కలవలేదు కదండీ? మామి పుట్టు శాకాహారి అని మీకు తెలుసు. నాకేమో శనివారం" అంది కృష్ణవేణి. వేంకటేశ్వరస్వామికి మొక్కుకుని పదకొండేళ్లుగా శనివారం ఆమె నీచు ముట్టదు.

"కెరటాలు కనిపించడం లేదా? నాచు. నీళ్లలో పెరిగే ఆకుకూర అనుకో."

శనివారం మధ్యాహ్నానికి మామి గొంతు పూర్తిగా బాగైంది. దియ రెండువందల ఎనభై ఏడు నంబరు హైవే మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నానని, మీరు మొదలుపెట్టండని ఫోన్ చేసింది. మామి అన్నంలో చారు పోసుకుని, కొంచెం మీగడ వేసుకుని, బింకంగానే మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. మళ్లీ పోయించుకుంది. మూడోసారి తనే గరిటె అందుకుంది.

"ఇదీ చారంటే! ఏం వేశావే ఇందులో? నా వయసులో ఇట్టాంటిది తిన్లా!"

కృష్ణవేణి మొహం వారం రోజుల తరువాత విప్పారింది. మనోహర్ రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, గ్లుటమేట్ గురించి మొదలుపెట్టాడు. అంతలో దియ వచ్చింది. చేతులు కడుక్కోడానికి సింక్ దగ్గరికి వెళ్లి, గట్టుమీద ప్యాకెట్ చూసింది.

"ఓ అంకుల్, మీరు దాషి యూజ్ చేశారా? సో కూల్! నేను అనుకున్నా మీరందరూ ఫిష్ తినరు అని."

మామి చేతిలో గరిటె గాల్లో ఆగింది.

"ఫిష్ ఏంటమ్మా? అది నాచు" అన్నాడు మనోహర్.

"నాచుతో చేసేది వేరే ఉంటది అంకుల్. ఇది బొనీటో. అంటే... చేప. ఎండబెట్టి, పొడి చేస్తారు. ఇక్కడ రాసి ఉంది కదా" అని వెనక చీటీ చదివి వినిపించింది.

మామి గరిటె కింద పెట్టి లేచి నిలబడింది. "డెబ్బై దగ్గరికి వస్తున్నా. గుడ్డు పడిందేమోనని మనవడి బర్త్‌డే కేకు కూడా ముట్టలా. మూడుసార్లు పోయించుకుని తిన్నా మనోహర్ గారూ! మూడుసార్లు!"

"నా పదకొండేళ్ల శనివారాలు!" అంది కృష్ణవేణి. "ఆకుకూరన్నారే! ఏ పెరట్లో ఈదుతుందండీ ఆ ఆకుకూర?"

మనోహర్ గోడ దాకా వెనక్కి నడిచాడు. తప్పించుకోడానికి ఆయనకి కనిపించింది దియ ఒక్కతే. "అసలు తప్పంతా ఈ అమ్మాయిది! చారులో ఉమామి మిస్సింగ్ అని రాసింది నువ్వు కాదూ? లేకపోతే మాకు ఈ గొడవంతా ఎందుకు?"

దియ అయోమయంగా చూసింది. "నేనా? నో అంకుల్. నేను ఉమామి అని రాయలేదు. ఉమా మామి మిస్సింగ్ అని రాశాను."

"అంటే?" అంది కృష్ణవేణి. గొంతు చాలా నెమ్మదిగా ఉంది.

"ఫామ్‌లో రెండు నేమ్స్ ఉన్నాయి కదా ఆంటీ, మీది, హెల్పర్‌గా ఉమా మామి ఆంటీది. ఇద్దరూ టేబుల్ దగ్గర ఉండాలి, అది రూల్. ఒకరు లేకపోతే ట్వెంటీ పాయింట్స్ కట్. నాకు బ్యాడ్‌గా అనిపించింది, కానీ ఏం చెయ్యాలి? టేస్ట్‌కి నేను ఫుల్ మార్క్స్ ఇచ్చాను. ఎవ్వరికీ ఇవ్వలేదు, మీకే." ఫోన్ తీసి, మరక పడకముందు తీసుకున్న కార్డు ఫొటో చూపించింది. రుచి పక్కన పదికి పది వేసి, చుట్టూ గీత గీసి ఉంది. అడుగున ఉమా మామి మిస్సింగ్, స్పష్టంగా.

ఇద్దరు ఆడవాళ్లూ ఒకేసారి మనోహర్ వైపు తిరిగారు.

"చుక్క కింద ఏమీ లేదన్నారు" అంది కృష్ణవేణి.

"ఆ రోజు కళ్లలో చుక్కలు వేశారు కదా. కొంచెం మసగ్గానే కనిపించింది" అన్నాడు ఆయన.

"మసగ్గా కనిపించినప్పుడు నోరు మూసుకోవాలి కదండీ" అంది మామి.

"నేనూ అదే అంటాను మామీ. జపాన్ అట, కెమిస్టట..."

"నాచట, ఆకుకూరట..."

"ముప్పై ఏళ్లు ల్యాబ్‌లో చేశారట! ఏ మందులో ఏం కలిపారో ఎవరికి తెలుసు!"

"ఎంతమంది మింగినారో పాపం!"

పావుగంట సేపు ఒకరు ఆపితే ఇంకొకరు అందుకున్నారు. ఒకరి మాట సగంలో ఉండగానే రెండోవారు పూర్తి చేశారు. ఆ మధ్య ఎప్పుడో కృష్ణవేణి మామి చెయ్యి పట్టుకుంది. ఆవిడ విడిపించుకోలేదు. చివరికి మామి నోరు పుక్కిలించుకుని వచ్చి కార్ తాళాలు తీసింది.

"పద కృష్ణవేణీ, గుడికి పోదాం. జరిగింది చెప్పుకుంటే స్వామి క్షమిస్తాడు."

"ఈయన్నా?"

"మనల్ని. ఈయన్ని ఎందుకు క్షమిస్తాడు?"

తలుపు గోడలదిరేలా పడింది. లిఫ్ట్ వచ్చేదాకా ఇద్దరి గొంతులూ కారిడార్‌లోంచి వినిపిస్తూనే ఉన్నాయి. దియ గిన్నె వైపు చూసి, "అంకుల్, నేను నాన్‌వెజ్ తింటా. కొంచెం వేసుకోవచ్చా?" అని అడిగింది. మనోహర్ రెండు కంచాలు పెట్టాడు. దియ రెండుసార్లు పోసుకుంది, ఆయన నాలుగుసార్లు.

అంత మంచి ఉలవచారు ఆ ఇంట్లో ముందెన్నడూ కాచలేదని మనోహర్ అభిప్రాయం. దాన్ని ఆయన ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.